మూడో ఫారం తర్వాత

ఆదివారం అనుబంధం నాలుగో పేజీని ఆమె రెండోసారి చదివింది. కొలత టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. ఎవరో లాయరు నడుం దగ్గర వదులు చెయ్యమని పంపిన నల్ల ప్యాంటుకు చుట్టి వచ్చిన కాగితం అది.

‘ఏకాంత పఠనం’ అనే శీర్షిక కింద ప్రొఫెసర్ గారి ఫొటో, ఆ పక్కన ఈ వాక్యాలు ఉన్నాయి: “హంతకుడెవరో తెలియకపోవడం వల్లనే మనం పేజీలు తిప్పుతామని ఇన్నాళ్లూ అనుకున్నాం. ఈ నవల ఆ నమ్మకాన్ని కొట్టేస్తుంది. మొదటి అరవై నాలుగు పేజీల్లోనే తమ్ముడు రక్తం కడుక్కుంటాడు. ‘చేతులు తుడుచుకుని, ఆ తువ్వాలు’ అన్నచోట వాక్యం తెగిపోతుంది. నూట ఇరవై ఎనిమిది పేజీల తర్వాత గాని అది పూర్తికాదు. అంతసేపూ ఆ తడి తువ్వాలు మన చేతిలోనే ఉంటుంది.”

చివరి వాక్యం కోసం ఆమె ఒక సాయంత్రమంతా ఆలోచించింది. ముందు ‘నేనే మోస్తాను’ అని రాసింది. మోయడానికి తువ్వాలు బరువేముందని చెరిపేసి, ‘నా చేతిలోనే ఉంటుంది’ అని దిద్దింది. పెన్సిలు ముల్లు అరిగితే సూది పెట్టెలోని బ్లేడుతో చెక్కుకున్న సంగతి కూడా గుర్తుంది.

“ఏంటలా గుడ్లప్పగించి చదువుతున్నావు? లాటరీ తగిలిందా?” అంది షాపావిడ మిషను ఆపకుండానే.

“నా మాటలు ఎవరో అచ్చేసుకున్నారండీ.”

“మాటలకేముంది, మళ్లీ వస్తాయి. ఆ ప్యాంటు అయిందా లేదా?”

ఆమె ప్యాంటు తిరగేసి నడుం వెనక కుట్టు విప్పడం మొదలుపెట్టింది. ముప్పయ్యేళ్లుగా ఆమె పని అదే: ఇతరులు కుట్టినవి విప్పి, మరొకరి కొలతకు కుట్టడం. ఆ రోజు బ్లేడు రెండుసార్లు గుడ్డలోకి దిగింది. అలా ఎప్పుడూ జరగలేదు.

సోమవారం షాపు మూసిన వెంటనే లైబ్రరీకి వెళ్లింది.

ఆ లైబ్రరీలో ఒక పాత అలవాటుంది. ప్రతి పుస్తకం చివరి అట్ట లోపల, పై అంచుకు మాత్రమే జిగురు రాసి, గీతల చీటీ ఒకటి అంటిస్తారు. చదివినవాళ్లు తమ అభిప్రాయం పెన్సిలుతో రాసి, కింద పేరుకు బదులు కార్డు నంబరు వెయ్యాలి. అందరూ రాసేది ‘బాగుంది’, ‘ఫరవాలేదు’, ‘టైం పాస్’. ఒకాయన ప్రతి పుస్తకంలోనూ ‘ఫ్యాను కింద కుర్చీ విరిగింది’ అని రాసేవాడు. చీటీ నిండా రాసేది ఒక్క 418వ నంబరు కార్డే. అది ఆమెది.

కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడను అందరూ స్టాంపమ్మ అంటారు; ఆవిడ తేదీ ముద్ర గుద్దితే పక్క బల్ల మీది ఇంకు సీసా కదులుతుంది. ఆవిడ అందించిన నవలను ఆమె వెనక నుంచి తెరిచింది. చీటీ ఉండాల్సిన చోట ఎండిపోయిన జిగురు గీత మిగిలింది.

“ఇందులో చీటీ ఏది అక్కా?”

“ప్రొఫెసర్ గారు పట్టుకెళ్లుంటారు. నిండిన చీటీలన్నీ ఆయనే తీసుకెళ్తారుగా. కమిటీ మెంబరు కదా, భద్రం చేస్తారట.”

“ఇది నిండలేదు. నాదొక్కటే ఉంది.”

“నీదొక్కటుంటే నిండినట్టే కదమ్మా. మిగతావాళ్లకి నువ్వు చోటెక్కడ మిగిల్చావు గనక.” స్టాంపమ్మ నవ్వి, ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకుంది. “ఏమైంది?”

ఆమె పేపర్ల గదిలోకి వెళ్లింది. పాత ఆదివారం పేపర్లు నెలల వారీగా చెక్క బద్దలకు బిగించి ఉంటాయి. నిలబడే ఒక్కొక్కటీ దించి చూసింది. ఆమె ఆదివారాలు షాపులో గడుస్తాయి. ఇంట్లో పేపరు లేదు. ఇక్కడికి వస్తే తిన్నగా నవలల అరల దగ్గరికే పోయేది. ఆ శీర్షికను ఇన్నాళ్లూ చూడకపోవడానికి అంతకంటే కారణం లేదు.

మార్చిలో: “మూడు వందల ఏళ్లు బతికినవాడు పందొమ్మిదేళ్ల పిల్లతో ఏం మాట్లాడతాడు? ఆ అనుమానం రచయిత్రికీ వచ్చినట్టుంది. అందుకే వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వకుండా చూపులతో సరిపెట్టింది.”

మేలో: “డిటెక్టివు ఆ ఇంట్లో మూడుసార్లు టీ తాగాడు. గ్లాసులు ఎవరు కడుగుతున్నారో ఒక్కసారీ చూడలేదు. చూసి ఉంటే నలభయ్యో పేజీలోనే పని అయిపోయేది.”

జూన్‌లో, దెయ్యాన్ని ప్రేమించిన టీచరమ్మ కథ గురించి: “ఈ ప్రియుడికి ఆకలి లేదు, ఉద్యోగం లేదు, మాసిన బట్టలు లేవు. ఇలాంటి మగవాణ్ణి ప్రేమించడానికి ధైర్యం అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు.”

అన్నీ ఆమెవే. ఒక్క మార్పు మాత్రం ఉంది. ఆమె ‘నేను’, ‘నా’ అని రాసిన ప్రతిచోటా ఆయన ‘మనం’, ‘మన’ అని రాసుకున్నాడు. బద్దలను తిరిగి కొక్కేలకు తగిలిస్తూ ఆమె లెక్కపెట్టింది. రెండేళ్లలో నలభై ఒక్క ఆదివారాలు.

నిరూపించడానికి, అచ్చయినవాటిలో ఒక్క చీటీ కూడా చేతిలో లేదు. అయినా ఆ నవలను ఇంటికి తెచ్చుకుంది.

మంగళవారం మధ్యాహ్నం యూనిఫాం వదులు చేయించుకోవడానికి నర్సు వచ్చింది.

“డ్యూటీలో కూర్చుని కూర్చుని ఇలా అయ్యాను. అర అంగుళం వదులు.”

“ఒకటిన్నర అంగుళం,” అంది ఆమె టేపు చూసి.

“నీకు దయ లేదక్కా.” నర్సు కుర్చీలో కూలబడి సంచిలోంచి పుస్తకం తీసింది. అదే నవల. పై అట్ట మీద తడిసిన మెట్టు బొమ్మ. “ఇది చదివావా? చివరిదాకా డాక్టరే చంపాడనుకున్నాను. మా వృత్తి మీదే నింద వేస్తాడేమోనని ఒకటే భయం. తీరా చూస్తే తమ్ముడు.”

“చివరిదాకా తెలియలేదా నీకు?”

“చివర్లో చెప్తే చివర్లోనే తెలుస్తుంది మరి.”

ఆమె చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది. నర్సు దగ్గర పుస్తకం అడిగి తీసుకుని, తన సంచిలోని లైబ్రరీ ప్రతిని పక్కనే తెరిచింది. లైబ్రరీ ప్రతి రెండుసార్లు బైండింగుకు వెళ్లినది. అంచులు కోసినప్పుడల్లా కింది అంకెలు కత్తికి పోగా, చుట్టూ వేలెడు తెల్లదనం కూడా మిగల్లేదు. నర్సు ప్రతిలో పేజీల అంకెలు శుభ్రంగా ఉన్నాయి. పదహారు పేజీలకొక మడత, మొత్తం పదమూడు మడతలు. తమ్ముడు చేతులు కడుక్కునే అధ్యాయం పన్నెండో మడతలో ఉంది. దాని చివరి మాటలు ‘చేతులు తుడుచుకుని, ఆ తువ్వాలు’. పేజీ తిప్పితే, పదమూడో మడత మొదట్లో, ‘తన భుజాన వేసుకుని మేడ దిగాడు.’

మధ్యలో ఒక్క కాగితం మందం. అంతే.

లైబ్రరీ ప్రతిలో పన్నెండో మడత మూడోదాని తర్వాత కుట్టి ఉంది.

ముందు ఆమెకు చెవులు వేడెక్కాయి. రెండేళ్లలో తాను రాసిన వాటిలో ఇదే బాగా వచ్చిందనుకుంది. రచయిత తెగువకు మురిసిపోయింది. నూట ఇరవై ఎనిమిది పేజీలు వేలితో లెక్కపెట్టింది కూడా. తీరా అది తెగువ కాదు, చెయ్యి తప్పడం.

ఆ తర్వాత, సుద్దముక్క మళ్లీ అందుకుంటుండగా, ఇంకో సంగతి తోచింది. ఈ తప్పు లోకంలో ఈ ఒక్క ప్రతిలోనే ఉంది. ఆయన నవల చదివి రాసి ఉంటే, ఈ ప్రతినే చదివి ఉండాలి. మరి ఈ పుస్తకంలో స్టాంపమ్మ తేదీ గుద్దే కాగితం మీద ఆయన కార్డు నంబరు ఎక్కడా లేదు. ఇంతకంటే రుజువేం కావాలి? లైబ్రరీ కార్యదర్శి బల్ల మీద పుస్తకం తెరిచి పెడితే చాలు.

పెడితే, ఇది కుట్టిందెవరని కార్యదర్శి ముందుగా అడుగుతాడని కూడా అప్పుడే తోచింది.

“అక్కా, ఒకటిన్నర అంగుళమని రిజిస్టర్లో రాయకు,” అంది నర్సు. “వదులు అని రాస్తే చాలు.”

లైబ్రరీకి ఉన్న ఒకే ఒక బైండరు ఆమె అన్నయ్య.

బుధవారం అన్నం డబ్బా ఇచ్చే వంకతో లైబ్రరీ వెనక గదికి వెళ్లింది. అన్నయ్య కిటికీకి ఎదురుగా, ఇదివరకటి కంటే దగ్గరగా బల్ల లాక్కుని కూర్చున్నాడు. ముందు ఫారాల దొంతర ఉంది; పదహారు పేజీల మడతను ఆయన ఫారం అనేవాడు. ప్రతి ఫారాన్నీ ముఖానికి దగ్గరగా ఎత్తి, దించి, బొటనవేలితో వెన్ను తడిమి దొంతరలో పెడుతున్నాడు. మైనం రాసిన దారాన్ని నోట తడిపి, సూది బెజ్జాన్ని చూపుడువేలి గోటితో వెతికి ఎక్కించాడు. కళ్లు మాత్రం కిటికీ వైపున్నాయి.

“సూది నేనెక్కించనా?”

“ఎందుకు? నా చేతులు పడిపోయాయా?” అన్నాడు. “కూర తెచ్చావా, పచ్చడి మెతుకులేనా?”

అంతలో కార్యదర్శి తలుపు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు, జిగురు వాసన ఆయనకు పడదు.

“ఏమయ్యా, ఆ నిఘంటువు రెండో సంపుటం తలకిందులుగా అట్ట వేశావట. అంతకుముందు పిల్లల బొమ్మల పుస్తకం. రెండు కంప్లైంట్లు. మూడోది వచ్చిందంటే నేను కమిటీకి ఏం చెప్పను? ఈ పని బైండింగు మిషను వాడికి ఇచ్చేద్దామని వాళ్లు ఎప్పట్నుంచో అంటున్నారు.”

“రాదండీ,” అన్నాడు అన్నయ్య.

“రాకపోతే నాకూ సంతోషమే.”

కార్యదర్శి వెళ్లాక అన్నయ్య సూదిని బల్ల మీద పెట్టి, మళ్లీ తీసుకోవడానికి బల్లంతా తడుముకున్నాడు. సూది ఆయన చేతికి జానెడు దూరంలో ఎండలో మెరుస్తోంది. ఆమె చూసింది. అందివ్వలేదు. ఆయనే వెతికి పట్టుకున్నాక మాత్రం డబ్బా మూత తీసి పెట్టింది.

గురువారం లైబ్రరీకి సెలవు. అన్నయ్య అట్టలూ, వాటి మీద అంటించే కాలికో గుడ్డా చూడటానికి బజారుకు వెళ్లాడు. ఆమె షాపుకు తలనొప్పి అని కబురు పెట్టి, తలుపు గడియ వేసి, భోజనాల బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది.

లోపలి అంటు కాగితాన్ని తడిబట్టతో నానబెట్టి, అన్నయ్య కాగితాలు మడిచే ఎముక పలకతో లేపింది. అట్ట విడివడింది. వెన్ను మీది జిగురును వేడినీళ్లలో ముంచిన గుడ్డతో మెత్తబరిచి, బ్లేడు మొనతో ఒక్కొక్క దారాన్నీ కోసింది. వేరేవాళ్ల కుట్టు ముప్పయ్యేళ్లుగా విప్పుతోంది. అన్నయ్య కుట్టు విప్పడం ఇదే మొదటిసారి. ఎక్కడా వదులు లేదు. వరస తప్పింది గాని, బిగువు తప్పలేదు.

పన్నెండో ఫారం చేతికి వచ్చింది. దాన్ని పదకొండోదాని కింద పెట్టేముందు ఆమె కుర్చీలో కూర్చుని చివరి పేజీ ఇంకోసారి చదివింది. ‘చేతులు తుడుచుకుని, ఆ తువ్వాలు.’ తర్వాత ఏమీ లేదు, గుడ్డ తెలుపు. ఇలాగే బాగుందని మనసు మళ్లీ అంది. దానికి సిగ్గు లేదు.

ఫారాలు సర్ది, పాత రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి, పదమూడింటినీ కుట్టింది. జిగురు ఆరేదాకా ఇస్త్రీపెట్టె బరువు పెట్టింది. ఇక ఆ ప్రతి నర్సు ప్రతి లాంటిదే. రుజువు లేదు. కంప్లైంటు కూడా లేదు. శుక్రవారం తీసుకెళ్లి ఇచ్చేసింది. స్టాంపమ్మ తేదీ గుద్దింది. ఇంకు సీసా కదిలింది.

రెండు రోజులు నిశ్చింతగా ఉంది. ఆదివారం పేపర్లో నవలా రచయిత ఉత్తరం వచ్చింది. చిన్నదే. ‘నా నవలలో హంతకుడు చివరి అధ్యాయాల్లో గాని తెలియడు. వాక్యమేదీ నూట ఇరవై ఎనిమిది పేజీల పాటు ఆగలేదు. సమీక్షకులు పుస్తకం తెరిచి ఉంటే బాగుండేది.’

సోమవారం సాయంత్రం ఆమె లైబ్రరీలో అడుగుపెట్టేసరికి ప్రొఫెసర్ కౌంటరు ముందే ఉన్నాడు. ఫొటోలో కంటే పొట్టి. నవలను బల్ల మీద పెట్టుకుని, వేలు తడి చేసుకుంటూ, ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిప్పుతున్నాడు. లెక్కపెట్టి అరవై నాలుగో పేజీ దగ్గర ఆగాడు. అక్కడ వర్షం వెలిసింది. పనిమనిషి తలుపు తీసింది. తువ్వాలు లేదు.

“ఇంకో ప్రతి లేదా?”

“ఒక్కటేనండీ,” అంది స్టాంపమ్మ.

“ఈ 418 ఎవరు?”

స్టాంపమ్మ చూపు ఒక్క క్షణం ఆమె మీద నిలిచి, రిజిస్టరు మీదికి దిగింది. “చూడాలండీ. పాత కార్డులన్నీ కట్టగట్టి పైన పెట్టేశాం.”

ఆయన విసుగ్గా తిరిగి, పక్కన నిలబడిన ఆమెను అడిగాడు. “అమ్మా, మీరు ఇలాంటివి చదువుతారా? ఇది చదివారా?”

“చదివానండీ.”

“హంతకుడు ఎక్కడ తెలుస్తాడు?”

పుస్తకం వాళ్లిద్దరి మధ్యా తెరిచి ఉంది. రెండు ఫారాల సందులో ఆమె కుట్టిన దారం కనిపిస్తోంది.

“చివర్లోనండీ.”

“మొదట్లోనే తెలుస్తాడని రాశారే.”

“పుస్తకం చూసి రాస్తే అలా రాయరు కదండీ.”

ఆయన ముఖం ఎర్రబడింది. పుస్తకం మూసి వెళ్లిపోయాడు. స్టాంపమ్మ పెదవులు బిగించి నవ్వాపుకుంది. ఆమెకు నవ్వు రాలేదు. ఆ మాట ఆయనకు ఎంత తగిలిందో గాని, తనకు బాగా లోతుకే దిగింది.

ఆ తర్వాతి ఆదివారం షాపావిడే పేపరు తెచ్చి మిషను మీద పెట్టింది. “చూడు, నీ మాటలేమైనా ఉన్నాయేమో.”

ఉన్నాయి. ‘ఏకాంత పఠనం’లో ఆ వారం పుస్తకం లేదు, వివరణ ఉంది. “సామాన్య పాఠకుల స్పందనకు విలువనివ్వాలన్న సదుద్దేశంతో, మా గ్రంథాలయంలోని 418వ నంబరు కార్డు గల ఒక పాఠకురాలి అభిప్రాయాన్ని గత పక్షం యథాతథంగా స్వీకరించాను. అపరాధ పరిశోధనలూ దెయ్యాల ప్రేమలూ తప్ప చదవని ఆ అమాయకురాలి ఊహను నమ్మడం నా పొరపాటు. ఇకపై నా పఠనం నాదే.”

నలభై ఒక్క ఆదివారాలు ఆయన పేరు మీద ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఆమె నంబరు మీద అచ్చయింది.

“ఎవరో పాపం, 418,” అంది షాపావిడ చదివి. “ఊరికే ఉండక.”

ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది.

సోమవారం వెనక గదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. నేల మీద నడుమెత్తున నవలల దొంతరలు. అన్నయ్య నీళ్ల గిన్నె, స్పాంజీ ముందు పెట్టుకుని, ఒక పుస్తకం వెనక అట్ట తెరిచి తడుపుతున్నాడు.

“చీటీలన్నీ పీకెయ్యమన్నారు,” అన్నాడు తలెత్తకుండానే. “కమిటీ తీర్మానం. ఎవరు పడితే వాళ్లు ఏది పడితే అది రాస్తున్నారట.”

“నీ ఉద్యోగం?”

“చీటీలు పీకేదాకా ఢోకా లేదు. నాలుగు వేల పుస్తకాలు.” తడిసిన చీటీని గోటితో లేపి, పక్కనున్న బకెట్లో వెయ్యబోయి ఆగాడు. “తలుపు వేసి ఇలా కూర్చో.”

ఆమె కూర్చుంది. అన్నయ్య బల్ల సొరుగులోంచి ఆ నవల తీశాడు. తెరవలేదు. వెన్నును లోపలి వైపు నుంచి వేలితో తడిమి, చివరి ముడి దగ్గర ఆపాడు.

“ఇది బట్టకి వేసే ముడి. రెండుసార్లు వెనక్కి తిప్పి వేస్తావు నువ్వు. శుక్రవారం అరలో సర్దుతుంటే చేతికి తగిలింది. నేను ఏ ఫారం తప్పు పెట్టాను?”

“పన్నెండోది. మూడోదాని తర్వాత.”

“మొన్న కార్యదర్శి మాట విని కుట్టావా?”

“అంతకుముందే తెలిసింది.”

ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు నలుపుకున్నాడు. కన్నీళ్లు కావు, ఆయన ఇప్పుడు తరచూ నలుపుకుంటాడు. “ఎడమది పూర్తిగా పోయింది. కుడిది మధ్యాహ్నం దాకా పనిచేస్తుంది. నువ్వు వీలున్నప్పుడు వచ్చి ఫారాలు వరసగా పెట్టివ్వగలవా? కుట్టు నేను కుట్టుకుంటాను.”

“షాపు అయ్యాక వస్తాను.”

“ఆయన పట్టుకెళ్లగా మిగిలిన ఈ చీటీల్లో కూడా నువ్వు రాసినవి చాలా ఉన్నాయట. స్టాంపమ్మ చెప్పింది. ఇన్నేళ్లూ నేనే అంటించాను గాని, ఒక్కటీ చదవలేదు.” తడిసిన చీటీని ఆమె వైపు చాచాడు. “బకెట్లో వేసే ముందు చదువు.”

పెన్సిలు గీతలు తడిలో ఇంకా చెదరలేదు. ఆమె చదివింది. దెయ్యమై తిరిగొచ్చిన భర్త గురించి. భార్య అతణ్ణి గుర్తుపట్టింది నవ్వు చూసి కాక, వచ్చీరాగానే తడి తువ్వాలు మంచం మీద పడేయడం చూసి అయితే తాను నమ్మేదాన్నని ఆమె రాసింది. అన్నయ్య దగ్గులాంటి నవ్వు నవ్వాడు. చీటీ బకెట్లోకి జారింది. ఆయన ఇంకో అట్ట తడిపాడు; ఆమె చదివింది. ఇంకొకటి. కిటికీలో ఎండ బల్ల మీంచి నేల మీదికి దిగేసరికి బకెట్లో కాగితం గుజ్జు పెరిగింది.

“ఒక మాట చెప్పు,” అన్నాడు స్పాంజీ పిండుతూ. “ఆ పన్నెండో ఫారం. నిజంగా ముందుంటేనే బాగుందా? లేక పేపర్లో రచయిత అన్నట్టు చివర్లోనే...”

“ముందుంటేనే బాగుంది.”

అన్నయ్య తల పంకించాడు. తర్వాతి పుస్తకం అందుకుని, వెనక అట్ట ఎటువైపో తడిమి చూసుకుని తెరిచాడు.

“అయితే తప్పు కట్టింది రాసినాయనే,” అన్నాడు. “చదువు.”